తొలి విదేశీ ప్రయాణం, నాలుగో పాఠం: పేరు కుదిరాక తేదీ

టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలని పోయిన పాఠంలో రాశాను. అది చదివి సింగపూర్‌కి టికెట్లు బుక్ చేసుకున్నవాళ్ల మెసేజ్‌లు చూశాక తెలిసిందేమిటంటే, చాలామంది పాస్‌పోర్టు బీరువాలోనే ఉంచి, ఆధార్ చూసో, పాత రైలు టికెట్ చూసో పేరు కొట్టేశారు. అందుకే ఈ పాఠంలో చెప్పాల్సిన అరైవల్ కార్డు (సింగపూర్‌లో దిగేముందు ఆన్‌లైన్‌లో నింపే ఫారం), సామాన్లు కాస్త వెనక్కి జరిపి, ముందు పేరు సంగతి తేల్చేద్దాం. ఇది కుదరకపోతే మిగతాదంతా చదివి లాభం లేదు.

పాస్‌పోర్టు ఫొటో ఉన్న పేజీ తెరవండి. పైన సర్‌నేమ్, గివెన్ నేమ్ అని రెండు గళ్లు ఉంటాయి కదా, వాటికంటే నేను అదే పేజీలో అడుగున ఉండే రెండు లైన్లను ఎక్కువ నమ్ముతాను. మిషన్ చదివేది వాటినే. మొదటి లైనులో ఐఎన్‌డి అన్న మూడక్షరాల తర్వాత మీ సర్‌నేమ్ ఉంటుంది, దాని తర్వాత బాణం మొనల్లాంటి గుర్తులు రెండు, ఆ తర్వాత గివెన్ నేమ్. టికెట్టూ వీసా ఫారమూ అరైవల్ కార్డూ ఈ లైను చూసే నింపండి. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు ఎక్కించుకుని, పాస్‌పోర్టులో మాత్రం పుట్టింటి పేరే ఉన్న ఆడవాళ్లు టికెట్ పుట్టింటి పేరుతోనే తీసుకోవాలి. ఇంట్లో ఎవరేమన్నా సరే. కౌంటర్ దగ్గర చూసేది పాస్‌పోర్టు ఒక్కటే.

గివెన్ నేమ్‌లో రెండు మూడు ముక్కలుంటే, అంటే వెంకట లక్ష్మి ప్రసన్న లాంటివైతే, టికెట్ మీద అవన్నీ కలిసిపోయి ఒకే పొడవాటి మాటలా కనిపిస్తాయి. అది తప్పు కాదు, ఎయిర్‌లైన్ సిస్టమ్ అలాగే ప్రింట్ చేస్తుంది, దానికి టెన్షన్ పడకండి. చివర మిస్టర్, మిసెస్ అంటుకుని ఉన్నా అంతే. ఇంటిపేరు ముందొచ్చిందా, వెనకొచ్చిందా అన్నది కూడా పెద్ద విషయం కాదు, ఏది ఏ గడిలో ఉందో అదే గడిలో పడితే చాలు. అక్షరం తేడా మాత్రం విషయమే. కనబడిన రోజే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి దిద్దించుకోండి, ఏజెంటు దగ్గర కొన్నవాళ్లు ఏజెంటు చేతే చేయించాలి. "ఎయిర్‌పోర్టులో చూసుకుంటార్లే" అన్న మాట ఎవరు చెప్పినా వినకండి.

అసలు చిక్కు సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లది. మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో, ముఖ్యంగా నగరి, పుత్తూరు, చిత్తూరు చుట్టుపక్కల తమిళనాడు సరిహద్దు ఊళ్లలో, ఇంటిపేరు వాడకుండా నాన్న పేరునే ఇనిషియల్‌గా పెట్టుకునే ఇళ్లు బోలెడు. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇనిషియల్ తీసుకోరు, విప్పి రాయాలి. విప్పి రాయడం ఎందుకని కొందరు మొత్తం పేరునే గివెన్ నేమ్‌లో పెట్టి సర్‌నేమ్ వదిలేస్తారు. పాస్‌పోర్టు చక్కగా వచ్చేస్తుంది, ఇబ్బందంతా టికెట్ దగ్గర మొదలవుతుంది, ఎందుకంటే బుకింగ్ సైట్లు సర్‌నేమ్ నింపనిదే ముందుకు కదలవు. ఒక ఎయిర్‌లైన్ అదే పేరును రెండు గళ్లలోనూ రాయమంటుంది, ఇంకొకటి ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని వేయమంటుంది. కాబట్టి డబ్బు కట్టకముందే ఆ ఎయిర్‌లైన్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, "పాస్‌పోర్టులో సర్‌నేమ్ లేదు, ఎలా రాయమంటారు" అని అడగండి. పక్కింటివాళ్లు ఇంకో ఎయిర్‌లైన్‌లో ఎలా రాశారో అది మీకు పనికిరాదు.

దుబాయ్ అనుకుంటున్నవాళ్లకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వమని యూఏఈ 2022 నవంబర్‌లో చెప్పింది, పాస్‌పోర్టు రెండో పేజీలో నాన్న పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామని తర్వాత సడలించింది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లాలనుకునే అమ్మానాన్నలకు కూడా ఇదే వస్తుంది, అక్కడి వీసాలో ఉన్న ఒక్క పేరూ సర్‌నేమ్ గడిలోకి వెళ్లి గివెన్ నేమ్‌లో ఎఫ్‌ఎన్‌యూ పడుతుంది. నా సలహా ఒక్కటే. ప్రయాణానికి ఇంకా నెలలు టైమ్ ఉంటే, టికెట్ కొనకముందే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో రీఇష్యూకి పెట్టి సర్‌నేమ్ ఎక్కించేసుకోండి. ఒక్కసారి తిరిగితే పదేళ్లు నిశ్చింత. టికెట్ కొనేశాక మాత్రం పాస్‌పోర్టు మార్చకండి, మారిస్తే నంబర్ కూడా మారిపోయి వీసా మళ్లీ మొదటికి వస్తుంది.

నంబర్ అన్నాను కాబట్టి ఇదొకటి: మన పాస్‌పోర్టు నంబర్‌లో మొదటిది అక్షరం, తర్వాత ఏడూ అంకెలే. సున్నా కనిపించిన చోట ఓ అక్షరం కొట్టకండి.

ఇక పేరు వదిలేసి తేదీకి వద్దాం. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే పొరపాటు ఇదే, ఎందుకంటే దీనికి రిపేరు లేదు, ఫ్లైట్ వెళ్లిపోయి ఉంటుంది.

తిరుపతి ఎయిర్‌పోర్టు ఉన్న రేణిగుంట నుంచి సింగపూర్‌కి ఫ్లైట్ లేదు, మనం చెన్నైకో బెంగళూరుకో వెళ్లాలి. నేను చెన్నైనే చెప్తాను, దగ్గర, సింగపూర్‌కి నాలుగు గంటల ప్రయాణం. ఆ ఫ్లైట్లలో చాలా మటుకు రాత్రి పూటవే, అర్ధరాత్రి దాటాక బయల్దేరేవీ ఉంటాయి. టికెట్ మీద ఫిబ్రవరి 14, 00:55 అని ఉందనుకోండి. ఆ ఫ్లైట్ ఎక్కాలంటే మీరు ఇంట్లో బయల్దేరాల్సింది 13వ తేదీ సాయంత్రం. 14 పొద్దున లేచి సూట్‌కేసు సర్దుకుని, రాత్రి భోంచేసి చెన్నై చేరితే మీ ఫ్లైట్ వెళ్లి దాదాపు రోజు గడిచిపోయి ఉంటుంది.

ఇది చదువు రానివాళ్లు చేసే పొరపాటు అనుకోకండి. మన లెక్కలో రోజు తెల్లారితేనే మారుతుంది. పంచాంగంలో వారం సూర్యోదయం నుంచి సూర్యోదయానికి, శుక్రవారం రాత్రి ఒంటిగంట అంటే మనందరికీ అది ఇంకా శుక్రవారమే. తెల్లవారుజాము ముహూర్తమైతే శుభలేఖలో "శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం" అని ప్రత్యేకంగా అచ్చువేయిస్తాం కూడా. ఎయిర్‌లైన్ టికెట్ మీద "తెల్లవారితే" అని ఉండదు. రాత్రి 12 దాటగానే తేదీ మారిపోయినట్టే. కాబట్టి టికెట్ మీద టైమ్ 00తోనో, 01, 02, 03తోనో మొదలైతే, పెన్ను తీసుకుని దాని పక్కన ముందు రోజు తేదీ, ఇంట్లో బయల్దేరే గంట రాయండి. క్యాలెండర్‌లోనూ ఆ ముందు రోజు గడిలోనే రాయండి. టికెట్ తేదీ దగ్గర ఏమీ రాయకండి, రెండు చోట్ల రాస్తే చూసేవాళ్లు రెండోదే చూస్తారు.

00:55 ఫ్లైట్‌కి వెనక నుంచి లెక్కేద్దాం. మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి, అంటే 13 రాత్రి 9:55. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా కారులో వెళ్తే మూడున్నర గంటలు, చెన్నై ట్రాఫిక్‌కి ఇంకో గంట పెట్టుకోండి. సాయంత్రం 5:25 దాటకుండా ఇంటి తలుపు వేసేయాలి. బస్సులో వెళ్లేవాళ్లు మధ్యాహ్నమే కదలండి. ఆఫీసు సెలవు, పిల్లల స్కూలు సెలవు 13 నుంచే పెట్టాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా 13 నుంచే తీసుకోండి, మీరు చెన్నైలో ఇమిగ్రేషన్ దాటేది 13 రాత్రి పదకొండుకి అయితే పాస్‌పోర్టులో ముద్ర 13 తేదీతోనే పడుతుంది.

దిగే టైమ్ దగ్గర ఇంకో తికమక ఉంది. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. టికెట్ మీద బయల్దేరే టైమ్ చెన్నైది, దిగే టైమ్ సింగపూర్‌ది, అందుకే నాలుగు గంటల ఫ్లైట్ టికెట్ మీద ఆరున్నర గంటలుగా కనిపిస్తుంది. 00:55కి ఎక్కితే అక్కడి 7:25కి దిగుతారు, 14వ తేదీ పొద్దున. హోటల్ గది సాధారణంగా మధ్యాహ్నం రెండు, మూడు తర్వాతే ఇస్తారు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే 13వ తేదీ రాత్రికి కూడా గది బుక్ చేసి, పొద్దున వస్తామని హోటల్‌కి ముందే చెప్పండి, లేదంటే రాలేదనుకుని బుకింగ్ కొట్టేస్తారు. నా మట్టుకు నేను ఆ డబ్బు పెట్టను, సామాన్లు హోటల్ కౌంటర్‌లో అప్పజెప్పి ఫారర్ పార్క్ స్టేషన్ పక్కన సెరంగూన్ రోడ్డులో ఉన్న శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్తాను. తిరుపతి నుంచి వెళ్లినవాళ్లకు అక్కడ మొదటి రోజు మొదలుపెట్టడం బాగుంటుంది, టిఫిన్ కూడా ఆ వీధుల్లోనే దొరుకుతుంది, తమిళం వస్తే మాటకి ఇబ్బంది ఉండదు. అక్కడి నాలుగు అధికార భాషల్లో తమిళం ఒకటి.

అరైవల్ కార్డు. ఇది వీసా కాదు, వీసా ఉన్నా ఇది వేరుగా నింపాలి. సింగపూర్ ఇమిగ్రేషన్ వాళ్ల, అంటే ఐసీఏ వాళ్ల, సైట్‌లోనో మైఐసీఏ యాప్‌లోనో నింపాలి, పైసా కట్టక్కర్లేదు. డబ్బు అడిగిన సైట్ ఏదైనా మూసేయండి. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపలే తీసుకుంటారు, 14న దిగితే 12 నుంచి. ఇక్కడ కూడా రాయాల్సింది దిగే తేదీ, ఇంట్లో బయల్దేరే తేదీ కాదు. పిల్లలకీ ఒక్కొక్కరికి ఒకటి కావాలి. ఈమెయిల్ మాత్రం మీరు తెరవగలిగేదే ఇవ్వండి, సింగపూర్‌లో పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు, ఎన్ని రోజులు ఉండొచ్చో చెప్పే ఈ-పాస్ ఆ మెయిల్‌కే వస్తుంది. ఏజెంటు మెయిల్ ఇస్తే అది ఏజెంటుకే వెళ్తుంది.

డబ్బు గురించి రెండు ముక్కలు. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం మామూలుగా ఆపేసి ఉంటుంది, బ్యాంకు యాప్‌లో ఇక్కడే ఆన్ చేసుకోండి. కార్డు గీసేటప్పుడు మిషన్ రూపాయలా, సింగపూర్ డాలర్లా అని అడిగితే డాలర్లే నొక్కండి, రూపాయలు నొక్కితే మారకంలో ఎక్కువ కోసుకుంటారు. మెట్రోలో ట్యాప్ చేసే వీసా, మాస్టర్ కార్డులు నేరుగా పనిచేస్తాయి, లోపలికి ఏ కార్డో బయటికీ అదే. ప్లగ్ మూడు దీర్ఘచతురస్రపు పిన్నులది, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి.

సామాన్లు. అక్కడున్న పిల్లలకి నాటుకోడి మసాలా పొడి దంచి పంపే అమ్మలందరికీ ఒక మాట: అందులో గసగసాలు ఉంటే పంపకండి. సింగపూర్‌లోనూ యూఏఈలోనూ గసగసాలు మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి, వంటకే అన్నా వినరు. గుట్కా, ఖైనీ, ఈ-సిగరెట్ సింగపూర్‌లో నిషేధం. మామూలు సిగరెట్లకు కూడా డ్యూటీ-ఫ్రీ లేదు, ఒక్క ప్యాకెట్ అయినా చెప్పి పన్ను కట్టాలి. నిద్రమాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు సిరప్ వాడేవాళ్లు ముందుగా అనుమతి తీసుకోవాలి, మిగతా మందులకు డాక్టర్ చీటీ చాలు. కర్పూరం ఏ ఫ్లైట్‌లోనూ ఎక్కించకూడదు, మండే వస్తువు. ఎండు కొబ్బరి కూడా అంతే, నూనె వల్ల వేడెక్కి అంటుకునే గుణం ఉంది. ఆవకాయ చెకిన్ సూట్‌కేసులో, పవర్ బ్యాంకు చేతి సంచిలో. శ్రీవారి లడ్డు చేతి సంచిలో పెట్టుకుంటే చితకదు. ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లయితే లడ్డుతో సహా తిండి ఏదున్నా అక్కడి కార్డులో రాసి చూపించాలి, దాచకండి.

ఈసారి అభ్యాసం కొంచెం గట్టిది, కాగితం మీదే చేయండి, ఫోన్‌లో వద్దు. చంద్రగిరి నుంచి నలుగురు: నాన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉంది, అమ్మ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, నానమ్మకి సర్‌నేమ్ ఖాళీ, పాప పేరులో మూడు ముక్కలు. చెన్నై నుంచి 21వ తేదీ 01:10కి ఫ్లైట్, ప్రయాణం నాలుగు గంటలు. తిరుగు ఫ్లైట్ సింగపూర్ నుంచి 25వ తేదీ 22:45కి, అదీ నాలుగు గంటలే. నలుగురి పేర్లూ ఏ గడిలో ఏం రాయాలో, ఎవరి కోసం ఎయిర్‌లైన్‌కి ముందే ఫోన్ చేయాలో రాయండి. ఇంట్లో బయల్దేరే తేదీ, గంట, అరైవల్ కార్డు ఏ తేదీ నుంచి నింపొచ్చో, హోటల్ ఎన్ని రాత్రులకి, ఇన్సూరెన్స్ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, చెన్నై నుంచి ఇంటికి కారు ఏ తేదీకి చెప్పాలో రాయండి. తిరుగు ఫ్లైట్ చెన్నైలో దిగేది 26వ తేదీ 00:15కి అని రాకపోతే, లెక్క మొదటి నుంచి మళ్లీ వేయండి, అప్పటిదాకా ఐదో పాఠం తెరవకండి.