టియర్‌డ్రాప్ క్యాంపర్ వెనక వంటగదిలోకి వాన నీళ్లు వస్తుంటే

టియర్‌డ్రాప్ క్యాంపర్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే, నీటిబొట్టు ఆకారపు చిన్న పడక బండి; దాని వంటగది వెనక వైపు, హ్యాచ్ అనే పైకెత్తే మూత కింద ఉంటుంది. రాత్రి వాన పడింది, పొద్దున్నే కాఫీ పెడదామని వెనక హ్యాచ్ ఎత్తితే స్టవ్ పక్కన నీళ్లు, అరలో పెట్టిన రవ్వ ప్యాకెట్ ముద్ద. ఇక్కడ అమెరికాలో గరాజ్‌లో క్యాంపర్ కట్టుకున్న మనవాళ్లు ఈ మాట చెప్పినప్పుడల్లా నేను అడిగేది ఒకటే: నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూశారా? చూడరు. నేరుగా హ్యాచ్ పైన ఉండే హింజ్ (కీలు) మీద సిలికాన్ పూసేస్తారు. దయచేసి పూయకండి. తర్వాత దాని మీద పెయింట్ పట్టదు, వేరే సీలెంటూ పట్టదు, అంతా గీకి తీయాల్సిందే.

ముందు అంచుల వెంబడి లోపల పొడి పేపర్ టవల్స్ పెట్టి, హ్యాచ్ మూసి, హోస్ పైపుతో కింది నుంచి పైకి కొంచెం కొంచెంగా తడుపుతూ, మధ్యమధ్యలో తెరిచి చూడండి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అంతటా కారి ఏమీ తెలియదు.

చాలాసార్లు తడిసేది పక్క అంచుల మధ్య భాగం. నన్ను రెండు సీజన్లు ఏడిపించింది ఇదే. హ్యాచ్ కట్టేది వంచిన ప్లైవుడ్‌తో, అది మళ్లీ తిన్నగా అవ్వాలని చూస్తుంది. నా మొదటి హ్యాచ్ క్లాంపులు తీయగానే దాదాపు అంగుళం విచ్చుకుంది, అయినా కింద లాచ్ (గడియ) వేస్తే అంచు వచ్చి ఆనుకునేది కాబట్టి బాగానే ఉందనుకున్నాను, కానీ లాచ్ లాగేది కింది అంచునే, నడుము దగ్గర హ్యాచ్ ఉబ్బి రబ్బరు సీలుకు ఆనీ ఆనకుండా ఉండేది. కంటికి కనబడదు. సన్నటి కాగితం ముక్క సీలు మీద పెట్టి హ్యాచ్ మూసి లాగండి, ప్రతి ఆరు అంగుళాలకూ ఒకసారి. బిగువు లేకుండా జారి వచ్చేసిన చోటే నీళ్లు దూరేది.

అక్కడ లావు సీలు వేస్తే సరిపోతుందనుకోకండి, అది ఇంకో చోట హ్యాచ్‌ను పైకి నెడుతుంది. తేడా కొద్దిగానే ఉంటే మధ్యలో ఉన్న ఒక్క లాచ్ తీసేసి రెండు పక్కలా చెరొకటి పెట్టండి. ఎక్కువుంటే హ్యాచ్ మళ్లీ కట్టడమే మేలు: లోపలి ప్లై, రిబ్బులు (రెండు ప్లైల మధ్య వంపుగా ఉండే చెక్క పట్టీలు), బయటి ప్లై మూడూ క్యాంపర్ మీదే క్లాంపు చేసి అతికించి, జిగురు పూర్తిగా ఆరేదాకా కదపకండి. రెండు వైపులా ప్లై ఉంటే వంపు నిలుస్తుంది. సీలుకు లోపలి వైపు గోడ అంచు వెంబడి చిన్న కాలువ కూడా పెట్టండి, దాటి వచ్చిన నీళ్లు కిందికి జారి బయటికి పోతాయి.

హింజ్ నిజంగా కారడం అరుదు. కారితే విప్పి కింద బ్యూటిల్ టేప్ (జిగటగా, మెత్తగా ఉండే రబ్బరు సీలింగ్ టేప్) వేసి బిగించండి. నంబర్ ప్లేట్ లైటు వైరు రంధ్రం కూడా ఒకసారి చూడండి. వాన లేని రాత్రి పడక వైపు గోడలు తడిస్తే అది లీకు కాదు, మీ ఊపిరి ఆవిరి. వెంట్ కాస్త తెరిచి పడుకోండి.