ఆ పసుపు లైటు మెరిస్తే ఏం చూసుకోవాలి?

పవర్ ఎక్కువున్న స్పోర్ట్స్ కారుతో భీమవరం, పాలకొల్లు వైపు కాలవగట్ల రోడ్ల మీద తిరిగేవాళ్లకి ఒక మాట. మలుపులో డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ టపటపా మెరిసిందా? స్టెబిలిటీ కంట్రోల్ పనిలోకి దిగిందన్నమాట. స్టీరింగ్ తిప్పిన వైపు కారు వెళ్లడం లేదని సెన్సార్లు పసిగట్టగానే అది అవసరమైన చక్రానికి మాత్రమే బ్రేకు వేసి, ఇంజిన్ జోరు తగ్గిస్తుంది. అంతా క్షణంలో అయిపోతుంది కాబట్టి మన పనితనం వల్లే కారు తిరిగిందనుకుంటాం. చిక్కల్లా అక్కడే.

ఆ లైటును పరీక్ష పేపరు మీద ఎర్రసిరా గీతలా చూడండి. మలుపులోకి స్పీడుగా వచ్చామా? స్టీరింగ్ తిప్పుతూనే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కామా? రోడ్డు మీద చేపల వ్యాన్ కార్చిన నీళ్లున్నాయా, ట్రాక్టర్ వదిలిన బురదా? మలుపుకు ముందే, స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వేసి, మలుపు తిరిగి వస్తుంటే మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వండి. మెరవడం తగ్గుతుంది. (అరిగిన టైర్లకు మాత్రం ఏ సిస్టమూ పట్టు పుట్టించలేదు.)

స్టెబిలిటీ కంట్రోల్ ఆఫ్ చేసి నడపడం నేర్చుకోవాలని సరదాగా ఉంటే కోయంబత్తూరు దగ్గరి కరి స్పీడ్‌వే లాంటి ట్రాక్ మీద, పక్కన శిక్షకుణ్ణి పెట్టుకుని చేయండి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేపల చెరువు ఉన్న చోట వద్దు. ఇక్కడ దాన్ని ఆఫ్ చేసే బటన్‌తో పని పడేది బురదలో దిగబడి చక్రం ముందుకు పోనప్పుడే. బయటపడగానే మళ్లీ ఆన్ చేసేయండి.