పాత ఆవిరి ఓడ ఇంజిన్‌ను ప్రయాణానికి సిద్ధం చేసే విధానం

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా కట్టిన 2,710 లిబర్టీ సరకు ఓడల్లో ఒకటైన జెరెమయా ఒబ్రియన్ ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో ఉంది. 1943లో తయారైన ఆ ఓడ, ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంపై మిత్రరాజ్యాల దాడికి 50 ఏళ్లు నిండిన 1994లో, తన పాత ఇంజిన్‌తోనే సముద్రాలు దాటి మళ్లీ ఆ తీరానికి వెళ్లి వచ్చింది. అలాంటి ఓడ బాయిలర్లు పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు ఆవిరి పుట్టించే పనిని ఒక రోజు ముందే మొదలుపెట్టడం మంచిది.

ముందుగా బాయిలర్‌లో నీరెంత ఉందో చూపే గాజు గొట్టంలో, అంటే గేజ్ గ్లాసులో, నీటి మట్టం చూడాలి. గొట్టంలో మట్టి చేరితే అది తప్పు చూపుతుంది కనుక, దాని కాక్ (కుళాయి) తిప్పి నీరు వదిలి, మట్టం మళ్లీ అదే చోటికి వచ్చిందని తేల్చుకున్నాకే ముందుకు సాగాలి. బాయిలర్‌లో మండించే చిక్కటి నూనె వేడి చేస్తే తప్ప పారదు. దాన్ని వేడి చేయాల్సిన ఆవిరి ఇంకా పుట్టలేదు. అందుకే మొదటి మంటకు డీజిల్ వాడతారు. వెలిగించే ముందు పొయ్యిలోకి గాలి కొట్టి, లోపల నిలిచిన నూనె ఆవిర్లను తరిమేయాలి. ఈ పని మానేస్తే పొయ్యి పేలవచ్చు. బాయిలర్ పైనున్న గాలి కాక్ నుంచి ఆవిరి ధారగా రావడం మొదలయ్యాక దాన్ని మూసి, చదరపు అంగుళానికి 220 పౌండ్ల ఒత్తిడి వరకు నిదానంగా పెంచాలి.

ఇంజిన్‌కు అసలు శత్రువు నీరు. సుమారు 135 టన్నుల ఈ యంత్రంలో ఆవిరి ఒకదాని తర్వాత ఒకటిగా మూడు సిలిండర్లలో వ్యాకోచిస్తుంది. చివరిదాని లోపలి వ్యాసం 70 అంగుళాలు. చల్లని ఇనుముకు తగిలిన ఆవిరి నీరైపోతుంది, నీరు నొక్కితే కుంచించుకోదు, పిస్టన్ దాన్ని గుద్దితే సిలిండర్ మూతే పగలవచ్చు. కాబట్టి డ్రెయిన్ కాక్‌లన్నీ తెరిచి ఉంచి, ఆవిరిని సన్నగా వదిలి, సిలిండర్లను గంటల తరబడి వేడెక్కించాలి. ఇంజిన్‌ను తిప్పే చిన్న గేరును విడదీశారో లేదో మరోసారి చూసుకుని, బ్రిడ్జి (ఓడను నడిపే పై గది) అనుమతితో ఇంజిన్‌ను కొద్దిగా ముందుకూ వెనక్కూ ఆడించాలి.

వాడిన ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చే కండెన్సర్ నుంచి తిరిగి వచ్చే నీటిలో సిలిండర్ల కందెన నూనె కలిసి ఉంటుంది. అది బాయిలర్‌లోకి చేరితే గొట్టాలకు పూతలా పట్టి, వాటిని కాల్చేస్తుంది. ఆ నూనెను పట్టడానికి పాత ఆవిరి ఓడల్లో వాడిన వడపోతల్లో ఎండిన నేతిబీర పీచు ఒకటి. నేతిబీరలో నెయ్యి ఉండదని మనం ఎగతాళి చేస్తాం గానీ, ఓడలో మాత్రం ఆ పీచు నిండా నూనే.

బ్రిడ్జి ఆజ్ఞలను ఇంజిన్ గదికి చేరవేసే టెలిగ్రాఫ్ గంట మోగి ఓడ కదిలాక భారమంతా ఇంజిన్‌కు నూనె పోసే ఆయిలర్‌దే. పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే, నిమిషానికి 76 చుట్లు తిరిగే క్రాంకు లయను కాసేపు గమనించి, వేళ్లు దగ్గరగా చేర్చి, బేరింగ్ తన వైపు వచ్చిన ప్రతిసారీ అరచేతితో తాకి తీసేస్తాడు. వదులు చొక్కా, చేతికి ఉంగరం ఉన్నవాణ్ణి ఆ దరిదాపులకు రానివ్వకూడదు. బేరింగ్ గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి చురుక్కుమంటే వెంటనే ఇంజనీరుకు చెప్పాలి, ఆయన బ్రిడ్జికి కబురు పంపి వేగం తగ్గిస్తాడు.