బువ్వ మానకుండా బరువు తగ్గడం ఎలా?

నాలుగేళ్ల కింద ఎవరో చెప్తే ఒక డబ్బా పొడి కొని, పొద్దున, రాత్రి తిండి బదులు దాన్నే నీళ్లలో కలుపుకొని తాగాను. రెండు నెలల్లో 6 కిలోలు తగ్గాను. డబ్బా మానేశాక ఐదు నెలల్లో 8 కిలోలు పెరిగాను. అంటే డబ్బులిచ్చి 2 కిలోలు కొనుక్కున్నట్టు. ఆ తర్వాత ఇంట్లో వండిందే తింటూ ఏడాదిన్నరలో 11 కిలోలు తగ్గాను. ఆ పద్ధతే ఇది. ఇందులో ఓట్స్ లేవు, అవకాడో అసలే లేదు.

షుగర్‌కు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు తిండి తగ్గించే ముందు డాక్టర్‌ను అడగాలి. మందు అంతే ఉండి తిండి తగ్గితే షుగర్ పడిపోయి కళ్లు తిరగొచ్చు. గర్భిణులు, బాలింతలు ఈ పని ఇప్పుడు పెట్టుకోవద్దు.

మొదట టేపు, తర్వాత కాంటా

పక్కటెముకలు ముగిసే చోటికి, తుంటి ఎముకకు నడుమ టేపు పెట్టి నడుము కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే తగ్గించుకోవాల్సిందే. ప్యాంటు సైజు 34 అని సంబరపడకండి, ప్యాంటు మనం పొట్ట కింద కట్టుకుంటాం.

కాంటా వారానికి ఒక్కసారి చాలు. ఒకే రోజు, పొద్దున బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు. ఆదివారం మటన్ తిని సోమవారం కాంటా ఎక్కితే కిలో పెరిగినట్టు చూపిస్తుంది. అది కొవ్వు కాదు, ఉప్పు పట్టి ఉంచిన నీళ్లు, ఇంకా అరగని తిండి. కిలో కొవ్వు పెరగాలంటే ఒంటికి ఖర్చయ్యేదానికంటే దాదాపు 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. ఒక్క దావత్‌లో అంత తినడం ఎవరి తరమూ కాదు.

వారం రోజులు ఏమీ మార్చకండి, రాయండి

అందరూ దాటేసే పని ఇదే, నాకు కళ్లు తెరిపించిందీ ఇదే. చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టుకొని, నోట్లోకి పోయిన ప్రతిదీ రాశాను. పల్లీలు గుప్పెడు, పిల్లలు వదిలేసిన సగం పూరీ, అన్నీ. మూడో రోజు పేజీలో చాయ్ ఐదుసార్లు ఉంది. కప్పుకు రెండు చెంచాల చక్కెర, అంటే రోజుకు 10 చెంచాలు, సుమారు 200 కేలరీలు. నేను తీపి తినను అని అందరికీ చెప్పుకునేవాణ్ణి.

రెండో సంగతి నూనె. మా ఇంట్లో నలుగురం, నెలకు 5 లీటర్ల క్యాన్. భాగహారం చేస్తే మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్లు, దాదాపు 350 కేలరీలు. కూరాకు తక్కువ తింటున్నాం కదా అనుకుంటాం, ఆ కూరాకే నూనెలో తేలుతుంటుంది. ప్యాకెట్ నుంచి నేరుగా గిన్నెలోకి వంచడం మానేసి చెంచాతో పోయడం మొదలుపెట్టాం. క్యాన్ తెరిచిన తారీఖు దాని మీదే పెన్నుతో రాశాం. మూడు నెలలకు వాడకం 3 లీటర్లకు దిగింది. మనిషికి రోజుకు 140 కేలరీలు మిగిలినట్టు. అరగంట నడిస్తే ఖర్చయ్యేదీ ఇంచుమించు అంతే.

కంచం సర్దడం

అన్నం మానక్కర్లేదు. ముందు అన్నం కుప్ప పోసుకొని పైన కూర వేసుకునే అలవాటు మార్చాలి. సగం కంచం కూరగాయలు, ఆకుకూర. ఆనిగెపుకాయ, బీరకాయ, పుంటికూర, ఏదైనా సరే. మిగతా సగంలో ఒక పక్క పప్పు లేదా గుడ్లు లేదా చికెన్, ఇంకో పక్క అన్నం. అన్నానికి ఒకే గిన్నె పెట్టుకోండి, రోజూ అదే గిన్నె. చివర సల్ల పోసుకొని తినే అన్నం కూడా అందులోంచే తీసి పెట్టుకోవాలి. నేను ఓడిపోయేది ఎప్పుడూ అక్కడే. కడుపు నిండాక కూడా సల్ల, మామిడికాయ తొక్కు కనిపిస్తే ఇంకో గంటెడు అన్నం పడేది.

జొన్న రొట్టె తింటే తగ్గుతారని చాలామంది చెప్తారు. 100 గ్రాముల జొన్నపిండిలో, 100 గ్రాముల బియ్యంలో కేలరీలు ఇంచుమించు సమానమే. రొట్టెలో పీచు ఎక్కువ, నమలడానికి టైమ్ పడుతుంది, రెండు రొట్టెలకే ఆకలి తీరుతుంది. లాభం అదీ. నాలుగు తింటే ఆ లాభం పోయినట్టే. తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048 బియ్యం కూడా అంతే. అన్నం తిన్నాక షుగర్ కాస్త నెమ్మదిగా పెరగొచ్చు గానీ, రెండు గిన్నెలు తినమని దాని అర్థం కాదు.

సాయంత్రం ఐదున్నర ఆకలిని చిన్నచూపు చూడకండి. మిర్చీ బజ్జీల బండి పొగ ముక్కుకు తగిలేది అప్పుడే. బబ్బెర్లో శనగలో పొద్దున నానబెట్టి, సాయంత్రం ఉడికించి, ఉల్లిగడ్డ, కరివేపాకుతో ఒక చెంచా నూనెలో గుడాలు చేసుకుంటే రాత్రి తొమ్మిది దాకా కడుపు గోల చేయదు.

నడక

వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం లాంటి ఓ మోస్తరు శ్రమ చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. మొదటి వారం పది నిమిషాలే నడవండి. రోజూ బయటికి వెళ్లడం అలవాటు కావడమే ఆ వారం పని. వేగానికి గుర్తు ఒకటుంది. పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలకూడదు. ఫోన్ చూస్తూ నడిస్తే ఆ వేగం రాదు.

భద్రకాళి చెరువు కట్ట గానీ, హన్మకొండలో జేఎన్ స్టేడియం గానీ, మీ కాలనీ రోడ్డు గానీ, ఏది దగ్గరైతే అది. మే నెలలో వరంగల్ ఎండ తెలిసిందే, ఆరు లోపల ఇంటికి చేరేలా బయల్దేరాలి. వాన రోజుల్లో నేను మెట్లు ఎక్కి దిగుతాను.

నడిచొచ్చి గేటు ముందు టిఫిన్ బండి దగ్గర ఆగే గుంపులో నేనూ ఉండేవాణ్ణి. అరగంట నడకకు పోయిన కేలరీలు ఒక్క నెయ్యి దోశతో వడ్డీతో సహా తిరిగొస్తాయి. నడక ఒక్కటే నమ్ముకొని బరువు తగ్గినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

వారానికి రెండు రోజులు కండకు పని పెట్టాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. జిమ్ అవసరం లేదు. గట్టి కుర్చీ ముందు నిలబడి, చేతులు ముందుకు చాపి, కుర్చీకి తగిలీ తగలనట్టు కూర్చొని లేవండి. పదిసార్లు, మూడు విడతలు. మోకాలు నొప్పి ఉంటే పూర్తిగా కూర్చొనే లేవండి. తర్వాత గోడకు చేతులు ఆనించి దండీలు.

దావత్‌లు, పండుగలు

బతుకమ్మ రోజుల్లో సత్తుపిండి, మలీద ఉంటాయి, కానీ గంటసేపు ఆట కూడా ఉంటుంది. ఆడేవాళ్లకు పెద్దగా బాకీ పడదు, ఒడ్డున కూర్చొని ఫొటోలు తీసేవాళ్లకే ఇబ్బంది. సంక్రాంతి సకినాలతో చిక్కు ఏంటంటే అవి నెల దాకా డబ్బాలో ఉంటాయి. డబ్బా ముందు నిలబడి తినొద్దు. రెండు సకినాలు ప్లేట్లో వేసుకొని, డబ్బా మూత పెట్టి, కూర్చొని తినండి.

పెళ్లిలో కడుపు నిండా తినండి, రెండోసారి వడ్డించుకోకండి. మర్నాడు ఉపవాసం ఉండొద్దు, సాయంత్రానికి అంతకు అంత తింటారు. 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో దాదాపు 280 కేలరీలు, దాంతో పాటు పోయే మంచింగ్ ఇంకా ఎక్కువ.

అన్నిటికంటే కష్టం ఇంట్లో పెద్దవాళ్లు. "గింతేనా బిడ్డా తినేది? సుస్తయిందా ఏంది?" అని మా అమ్మ మొదటి నెలంతా అడిగింది. వద్దంటే బాధపడుతుంది. అందుకే అన్నం బదులు "కూర ఇంకింత వెయ్యమ్మా" అనడం నేర్చుకున్నాను. ఆమెకు వడ్డించినట్టూ ఉంది, నా గిన్నె లెక్కా తప్పలేదు.

కాంటా ఆగిపోతే

చాయ్, నూనె, రెండో గిన్నె అన్నం కలిపి నేను తగ్గించింది రోజుకు సుమారు 400 కేలరీలు. కాగితం మీద నెలకు కిలోన్నర తగ్గాలి. నాకు నెలకు ముప్పావు కిలో కూడా పడలేదు. పెళ్లిళ్లున్నాయి, జ్వరాలున్నాయి. పైగా ఒళ్లు తగ్గేకొద్దీ దానికి కావాల్సిన తిండీ తగ్గుతుంది, కాబట్టి కాంటా మధ్యలో ఆగడం మామూలే. అప్పుడు టెన్షన్ పడి తిండి మానకండి. ముందు నడుము కొలవండి, చాలాసార్లు అది తగ్గుతూనే ఉంటుంది. అదీ ఆగితే నోట్‌బుక్ తీసి ఇంకో వారం రాయండి. రాయడం మానేశాక గిన్నె మెల్లగా ఎప్పుడు గోపురమైందో అందులో దొరుకుతుంది.

ఇప్పటికీ శుక్రవారం పొద్దున కాంటా ఎక్కుతాను. 2 కిలోలు పెరిగితే నోట్‌బుక్ బయటికొస్తుంది. ఈ ఏడాది రెండుసార్లు తీశాను, సంక్రాంతి తర్వాత ఒకసారి, మా మేనల్లుడి పెళ్లి తర్వాత ఒకసారి.