ఆధార్ కాపీ చేతికిచ్చే ముందు

మొదట అడగండి: ఈ పనికి పూర్తి నంబరు నిజంగా కావాలా? చాలాచోట్ల చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది. లేదా ఆధార్ నంబరుకు బదులు వాడే 16 అంకెల తాత్కాలిక నంబరు, అంటే వర్చువల్ ఐడీ ఇవ్వండి. దాన్ని మార్చుకోవచ్చు, ఆధార్ నంబరును మార్చుకోలేం.

☐ జిరాక్స్ ఇవ్వక తప్పకపోతే దాని మీద అడ్డంగా ఏ పనికో, తేదీ రాసి సంతకం పెట్టండి.

☐ నెట్ సెంటర్‌లో డౌన్‌లోడ్ చేశారా? ఫైలు డిలీట్ చేయించి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. నాకు ఎక్కువ భయం వేసేది ఇక్కడే.

☐ వేలిముద్ర దేనికో తెలుసుకున్నాకే వేయండి. "పడలేదు, మళ్లీ వేయండి" అంటే ముందు ఫోన్‌కు డబ్బు తీసినట్టు మెసేజ్ వచ్చిందేమో చూడండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది ఓపిగ్గా చెప్పాలి. పని లేనప్పుడు ఆధార్‌లోని బయోమెట్రిక్స్ (వేలిముద్ర, కంటిపాప లాంటివి) లాక్ చేసి ఉంచండి.

☐ ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

ఆధార్ విషయంలో అనుమానం వస్తే 1947కు, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.