చూస్తే గుర్తొచ్చే మాట వేరు, నోటికొచ్చే మాట వేరు

జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో కింది నుంచి రెండో మెట్టయిన ఎన్4 పాసైన మూడు నెలలకు, జపాన్‌లోని కవాసాకిలో గది తాళంచెవి పారేసుకున్నాను. పోలీసు బూత్ ముందు నిలబడి "కగి... కగి..." అంటున్నాను, ఆ తర్వాత మాట రాదే! కగి అంటే తాళంచెవి, పారేసుకోవడానికి జపనీస్ మాట ఒతొసు. ఫోన్‌లో మాటలు నేర్చుకునే ఫ్లాష్‌కార్డుల్లో వంద సార్లు చూసి, 'తెలుసు' అని నొక్కిన మాటే. చివరికి చేత్తో కింద పడ్డట్టు చూపించాను.

ఆ పరీక్షలో మాట్లాడటం, రాయడం ఉండవు. ఇచ్చినవాటిలో ఒకటి ఎంచుకోవడమే. అందుకే నా దగ్గర నేర్చుకునేవాళ్లను ఇంట్లో వేరే పరీక్ష పెట్టుకోమంటాను.

ముందు మాటలు ఏరాలి. 2010లో పరీక్ష మారాక అధికారిక పదాల పట్టిక ఇవ్వడం మానేశారు. ఇప్పటి ఎన్4కి దగ్గరగా ఉండే పాత మూడో లెవెల్‌కి సుమారు 1,500 మాటలు అనేవారు. మీ పుస్తకం వెనక అన్ని ఉంటే ప్రతి ముప్పయ్యో మాట తీసుకోండి, 50 వస్తాయి. ఒక్కో సరైన జవాబు 30 మాటల కింద లెక్క. 31 సరైతే దాదాపు 930. నచ్చినవి ఏరుకుంటే లెక్క చెడిపోతుంది.

తెలుగు నుంచి జపనీస్‌కే ముందు చేయండి. తిరగేసి చేస్తే జవాబు ముందే కంటపడుతుంది. ఒంటి మాట కాకుండా చిన్న వాక్యం రాసుకోండి. 'వేసుకోవడం' అని మాత్రమే రాస్తే ఏం చెప్తారు? చొక్కాకి కిరు, ప్యాంటుకీ బూట్లకీ హకు. టోపీ 'పెట్టుకోవడం' కబురు (మన కబురు కాదు), కళ్లజోడుకి కకెరు. "బూట్లు వేసుకున్నాను" అని రాసుకుంటేనే అసలు సంగతి బయటపడుతుంది. తలుపు 'తెరిచాను', తలుపు 'తెరుచుకుంది' లాంటి జంటలను పక్కపక్కనే పెట్టండి: అకెరు, అకు. ఈ తేడా మనకు తెలుగులోనే ఉంది కాబట్టి ఇంగ్లీషు అర్థం రాసుకోకండి. మూడు సెకన్లలో రాకపోతే రానట్టే. "నాలిక చివర ఉంది" అంటే సున్నా.

తర్వాత చెవి. ఆడియో పెట్టి, విన్నది తెలుగు లిపిలో రాయండి. కితె అంటే రా, కిత్తె అంటే స్టాంపు, కీతె అంటే విను. బిరు భవనం, బీరు మనకు తెలిసిందే. హ్రస్వం, దీర్ఘం, ఒత్తు మన లిపిలో ఎంత శుభ్రంగా కుదురుతాయో చూడండి, రోమన్ అక్షరాలతో ఎందుకు తంటాలు?

కంజి, అంటే జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు, చదవడం చివర్న. అది పరీక్ష ఎలాగూ చూస్తుంది.

ఇంగ్లీషు నుంచి వెళ్లిన మాటలనూ వదలకండి. 'ఇది తెలిసిందేగా' అని అందరూ దాటేస్తారు. మన్షొన్ అంటే బంగళా కాదు, అపార్ట్‌మెంట్ ఫ్లాటు. మిమ్మల్ని సుమాతొ అన్నారంటే తెలివైనవారని కాదు, సన్నగా ఉన్నారని.

మార్కులు కలిపేయకండి, నోటికి ఒకటి, చెవికి ఒకటి, కంటికి ఒకటి. మొన్న ఒకమ్మాయికి కంటికి 44, నోటికి 19 వచ్చాయి, మొహం చిన్నబోయింది. నా కార్డులు చూపించి నవ్వించాను.

తప్పినవాటిని అదే రోజు మళ్లీ అడిగితే అన్నీ వచ్చేస్తాయి, దాన్ని నమ్మకండి. వారం ఆగి అడగండి. నెల తర్వాత పట్టికలో ఐదో మాట దగ్గర మొదలుపెట్టి, ముప్పై ముప్పై దాటుకుంటూ కొత్త 50 తీసుకోండి.