చిలుము పట్టిన రోమన్ కంచు నాణేలను శుభ్రం చేసే ముందు జాగ్రత్తలు

ఇంగ్లండ్ పొలాల్లో మెటల్ డిటెక్టర్‌కు చిక్కిన రోమన్ నాణెం చేతికి రాగానే రుద్దాలనిపించడం సహజమే కానీ, అంతకుముందు ఈ విషయాలు చూసుకోవాలి.

• అక్కడి 1996 నాటి ట్రెజర్ (నిధుల) చట్టం ప్రకారం, 300 ఏళ్లు దాటిన బంగారు, వెండి నాణేలు ఒకేచోట కనీసం రెండు గానీ, ఇతర లోహపు నాణేలు కనీసం పది గానీ దొరికితే 14 రోజుల్లోగా అధికారులకు తెలియజేయాలి. అప్పటివరకు వాటికి అంటిన మట్టిని కూడా కదిలించవద్దు.

• రెండు వైపులా ఫోటోలు తీసి, బరువు, దొరికిన చోటు రాసిపెట్టుకోవాలి.

• చక్రవర్తి ముఖం, చుట్టూ ఉన్న అక్షరాలు చాలాసార్లు నున్నటి పచ్చని పొరలోనే నిలిచి ఉంటాయి. ఆ పొర పోతే మిగిలేది గుంతలు పడిన లోహమే కనుక, ఇత్తడి బిందెను తళతళలాడించే చింతపండు, నిమ్మరసం, వెనిగర్ ఇక్కడ పనికిరావు.

• పుల్ల మొనతో తాకగానే లేతాకుపచ్చ పొడి రాలితే, అది లోపలి క్లోరైడ్లు (ఉప్పు వంటి లవణాలు) గాలిలోని తేమతో కలిసి లోహాన్ని తినేస్తున్నాయనడానికి గుర్తు కావచ్చు. అటువంటి దానిని తేమను పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో విడిగా పెట్టి, మ్యూజియం నిపుణులకు చూపించడమే మేలు.

• పొడిగా ఉండగా గీకితే సీసం కలిసిన ధూళి లేవవచ్చు. చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి.

• కుళాయి నీటిలో క్లోరైడ్లు ఉంటాయి కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌నే వాడి, మొదట బాగా అరిగిపోయిన నాణెం మీద ప్రయత్నించి చూడాలి.